చందుర్తి పేరు ఐర్లండు రెజిమెంటు జెండా మీదికి ఎలా వచ్చింది?

ముందు మీ ప్రశ్నను నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. మీది గొల్లప్రోలు వైపు, ఉద్యోగం ఐర్లండులో. అక్కడ ఒక ప్రదర్శనలో రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్ అనే పాత రెజిమెంటు పోరాడిన యుద్ధాల పట్టీ చూశారు. అందులో 'కాండోర్', 'మసూలిపటం' అని రెండు పేర్లు కనిపించాయి. కాండోర్ అంటే మీ ఊరి పక్కనున్న చందుర్తేనని తెలిసి ఆశ్చర్యపోయారు. ఇంటికొచ్చి వెతికితే ఆ రెజిమెంటు 1881లో ఏర్పడిందని ఉంది. చందుర్తి యుద్ధం జరిగింది 1758లో. "పుట్టకముందు 123 ఏళ్ళనాటి యుద్ధంలో ఎలా పోరాడారు? బెంగాల్ యూరోపియన్, 101వ రెజిమెంటు, మన్‌స్టర్ అని ఇన్ని పేర్లు ఉన్నాయి, అన్నీ ఒకటేనా? ఇప్పుడు ఆ రెజిమెంటు ఎక్కడుంది?" అని అడిగారు.

సూటిగా చెబుతాను. అన్నీ ఒకటే. 1881లో పుట్టింది పేరు మాత్రమే, రెజిమెంటు కాదు. 1756 చివర్లో ఈస్టిండియా కంపెనీ కోసం రాబర్ట్ క్లైవ్ బెంగాల్లో కూర్చిన యూరోపియన్ పటాలమే పేర్లు మార్చుకుంటూ, చివరికి ఐర్లండు నైరుతి మూలనున్న మన్‌స్టర్ ప్రాంతం పేరుతో స్థిరపడింది. చందుర్తి పొలాల్లో నిలబడింది, బందరు కోట ఎక్కింది ఆ పటాలమే. 1922లో దాన్ని రద్దు చేశారు. ఇవాళ దానికి వారసులమని చెప్పుకునే రెజిమెంటు లేదు.

ఇక్కడితో ఆపేస్తే మీ సందేహం సగమే తీరుతుంది. నేను చాలా ఏళ్ళుగా కోస్తా జిల్లాల్లో పాత యూరోపియన్ సమాధుల మీది రాతలు రాసుకుని, వాటిని ఆ కాలపు ఆర్మీ లిస్టులతో సరిచూస్తున్నాను. ఈ పేర్ల చిక్కు నాకు రోజూ ఎదురయ్యేదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట తెలుసుకోవాల్సింది, ఆ రోజుల్లో మన దేశంలో తెల్లవాళ్ళ పటాలాలు రెండు రకాలుగా ఉండేవి. ఒకటి రాజుగారివి, అంటే బ్రిటిష్ ప్రభుత్వం తన ఖర్చుతో నడిపి, కొన్నేళ్ళకోసారి ఇక్కడికి పంపేవి. రెండోది కంపెనీవి. కంపెనీ తన డబ్బుతో యూరప్‌లో మనుషుల్ని చేర్చుకుని, ఓడలెక్కించి తెచ్చి, ఇక్కడే ఉంచేసేది. ఇద్దరూ ఒంటి మీద వేసుకునేది ఎర్రకోటే, చేతిలో అదే తుపాకి. అయినా వాళ్ళ యజమానులు వేరు, లెక్కల పుస్తకాలు వేరు. కంపెనీ పటాలాల పేర్లలో 'యూరోపియన్' అనే మాట ఉంటుంది. పక్కనే ఉండే 'నేటివ్ ఇన్‌ఫెంట్రీ', అంటే మన సిపాయిల పటాలాల నుంచి వేరుగా చూపడానికి ఆ మాట పెట్టారు. మన్‌స్టర్ రెజిమెంటు ఈ రెండో రకంలో పుట్టింది. దాని పేర్ల గందరగోళానికి సగం కారణం ఇదే.

పుట్టుక సంగతి చూద్దాం. 1756 జూన్‌లో సిరాజుద్దౌలా కలకత్తాను పట్టుకున్నాడు. తప్పించుకున్నవాళ్ళు హుగ్లీ నది దిగువన ఫుల్తా దగ్గర తలదాచుకున్నారు. మద్రాసు నుంచి క్లైవ్ సైన్యంతో వచ్చాడు. బెంగాల్లో మిగిలిన విడివిడి చిన్న దళాల మనుషులకు మద్రాసు నుంచి, బొంబాయి నుంచి వచ్చినవాళ్ళలో కొందరిని కలిపి ఒక బెటాలియన్, అంటే కొన్ని వందల మంది కాల్బలం, కట్టాడు. అదే బెంగాల్ యూరోపియన్ బెటాలియన్. ఆరు నెలలు తిరక్కుండానే, 1757 జూన్ 23న, అది ప్లాసీలో ఉంది.

మరి బెంగాల్ పటాలం పిఠాపురం సీమకు ఎందుకొచ్చింది? ఈ కథ మనకు బొబ్బిలి దగ్గర మొదలవుతుంది. 1757 జనవరిలో బుస్సీ దొర, విజయనగరం విజయరామరాజు కలిసి బొబ్బిలి కోట మీద పడ్డారు. కోట పోయింది. తర్వాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజును గుడారంలోనే చంపేశాడు. విజయరామరాజు తర్వాత గద్దెనెక్కిన ఆనందరాజుకు ఫ్రెంచివాళ్ళతో పొసగలేదు. ఈలోగా దక్షిణాదిన ఉన్న ఫ్రెంచి సేనాధిపతి లాలీ పిలుపు మీద బుస్సీ వెళ్ళిపోయాడు, అతని స్థానంలో కాన్‌ఫ్లాన్స్ వచ్చాడు. ఇదే అదనని ఆనందరాజు విశాఖపట్నం పట్టుకుని ఇంగ్లీషువాళ్ళ సాయం కోరాడు. మద్రాసు వాళ్ళు తమ తిప్పలే తమకున్నాయని పంపలేదు. కలకత్తా నుంచి క్లైవ్ పంపాడు. అలా 1758 అక్టోబరులో కర్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్ విశాఖలో దిగాడు. వెంట దాదాపు 500 మంది యూరోపియన్లు, 2000 మంది బెంగాల్ సిపాయిలు ఉన్నారు.

డిసెంబరులో చందుర్తి దగ్గర రెండు సైన్యాలూ ఎదురుపడ్డాయి. అక్కడ జరిగిన ఒక సంగతి నన్ను ఎప్పుడూ పట్టి నిలబెడుతుంది. ఇంగ్లీషు వరుస మధ్యలో యూరోపియన్ బెటాలియన్, రెండు పక్కలా సిపాయిలు. ఎత్తుగా ఎదిగిన చేను అడ్డం ఉండటంతో మధ్యలో ఉన్న బెటాలియన్ ఫ్రెంచివాళ్ళ కంట పడలేదు. పక్కనున్న బెంగాల్ సిపాయిలు ఎర్రకోట్లు వేసుకుని ఉన్నారు. ఈ ప్రాంతంలో సిపాయిల్ని ఆ బట్టల్లో చూడటం ఫ్రెంచివాళ్ళకు అలవాటు లేదు. ఎర్రకోటు కనబడగానే వాళ్ళే యూరోపియన్లనుకుని ఫ్రెంచి బెటాలియన్ అటు తిరిగి దూసుకెళ్ళింది. వాళ్ళ పక్క బయటపడ్డాక చేను చాటు నుంచి అసలు యూరోపియన్ బెటాలియన్ వచ్చి కాల్చింది. యుద్ధం అక్కడే తేలిపోయింది. కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి రాజమండ్రి దారి పట్టాడు. ఇంగ్లీషు కాగితాల్లో ఇదే 'కాండోర్'. మన పుస్తకాల్లో చందుర్తి యుద్ధం.

'మసూలిపటం' మరుసటి ఏడాదిది. ఫోర్డ్ బందరు కోటను ముట్టడించాడు. డబ్బు అయిపోయింది. కొల్లసొమ్ములో తమకు రావాల్సిన వాటాల కోసం అతని యూరోపియన్ సోల్జర్లే ఎదురుతిరిగారు. ఒక పక్క నుంచి దక్కను సుబేదారు సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో వస్తున్నాడు. మందుగుండు అడుగంటింది. ఇక ఆగితే లాభం లేదని 1759 ఏప్రిల్ 7 రాత్రి, బురద నేలల్లో పడి నడిచి కోట మీదికెక్కారు. తెల్లవారేసరికి కోట వాళ్ళ చేతిలో ఉంది. పట్టుబడ్డవాళ్ళ సంఖ్య పట్టుకున్నవాళ్ళ కంటే ఎక్కువ. మే నెలలో సలాబత్ జంగ్ బందరును ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చాడు. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివాళ్ళ కథ దాంతో ముగిసింది. బందరులో ఫరాసుపేట, ఇంగ్లీషుపాలెం, వలందపాలెం అని ఇప్పటికీ పేటల పేర్లు ఉన్నాయి కదా, వాటిని చూస్తే ఎవరెవరు వచ్చి పోయారో అర్థమవుతుంది.

ఇప్పుడు పేర్ల దగ్గరికి వద్దాం. బెటాలియన్ పెరిగింది, రెజిమెంటు అయింది, మధ్యలో రెండు మూడుగా చీలింది, 1803 నాటికి మళ్ళీ ఒకటే మిగిలి 'బెంగాల్ యూరోపియన్ రెజిమెంటు' అయింది. అక్కడి నుంచి జాగ్రత్తగా గమనించండి, ఎందుకంటే ప్రతి పేరు మార్పు వెనకా ఒక సంఘటన ఉంది. 1839లో అఫ్గానిస్తాన్‌లో ఘజనీ కోట మీద పోరాడారు. 1840లో 'లైట్ ఇన్‌ఫెంట్రీ' అనే గౌరవం పేరులోకి వచ్చింది. 1839లోనే రెండో బెంగాల్ యూరోపియన్ రెజిమెంటు ఒకటి కొత్తగా కట్టారు కాబట్టి పాతదాని పేరు ముందు '1వ' అనే అంకె చేరింది. 1845–46లో సిక్కులతో ఫిరోజ్‌షా, సోబ్రావ్ యుద్ధాలు జరిగాయి. 1846లో 'ఫ్యూజిలియర్స్' అన్నారు. ఫ్యూజిల్ అంటే ఫిరంగుల కాపలావాళ్ళు మోసే తేలిక తుపాకి. ఈ కాలానికి ఆ తుపాకి పోయి, మాట మాత్రం బిరుదుగా మిగిలింది. 1857లో ఢిల్లీ, లక్నో. 1858లో కంపెనీ రాజ్యం పోయి రాణి రాజ్యం వచ్చాక 'యూరోపియన్' అనే మాట తీసేశారు. 1861లో 'రాయల్' వచ్చింది. 1862లో బ్రిటిష్ సైన్యంలోకి తీసుకుని '101వ రెజిమెంట్ ఆఫ్ ఫుట్, రాయల్ బెంగాల్ ఫ్యూజిలియర్స్' అన్నారు. 1881 జులై 1న 'రాయల్ మన్‌స్టర్ ఫ్యూజిలియర్స్'.

ఈ వరుసను ఒకసారి పైకి చదివి చూడండి. అఫ్గానిస్తాన్, పంజాబ్, ఢిల్లీ, కంపెనీ రద్దు, అన్నీ అందులో ఉన్నాయి. నేను కొత్తవాళ్ళకు ఎప్పుడూ చెప్పేది, పేరును చూసి రెజిమెంటును వెతక్కండి, పేరును తేదీతో కలిపి చూడండి అని. '1వ బెంగాల్ యూరోపియన్ లైట్ ఇన్‌ఫెంట్రీ' అని ఒక కాగితం మీద ఉంటే అది 1840–46 మధ్య కాగితమని వెంటనే చెప్పేయొచ్చు. తేదీ చిరిగిపోయిన ఉత్తరాలకు నేను కాలం కట్టేది ఇలాగే.

1858–62 మధ్య జరిగిందాన్ని తేలిగ్గా దాటేయకూడదు. కంపెనీ సోల్జర్లను అడక్కుండానే రాణి సైన్యంలోకి మార్చేశారు. 'మేము చేరింది కంపెనీలో. యజమాని మారితే మమ్మల్ని మళ్ళీ అడిగి, చేరిక బహుమానం ఇచ్చి చేర్చుకోవాలి' అని వాళ్ళు మొండికేశారు. 1859లో చాలాచోట్ల కవాతులకు రాలేదు. దీన్ని చరిత్రలో తెల్లవాళ్ళ తిరుగుబాటు అంటారు. చివరికి ప్రభుత్వం దిగొచ్చి ఇష్టం లేనివాళ్ళు వెళ్ళిపోవచ్చంది. పది వేల మందికి పైగా రాజీనామా చేసి ఓడలెక్కారు. బందరు కోట బయట వాటాల కోసం ఎదురుతిరిగినవాళ్ళకూ వీళ్ళకూ మధ్య సరిగ్గా వందేళ్ళు. నా దృష్టిలో ఈ పటాలం స్వభావం రాజుగారి పటాలాల కంటే వేరుగా ఉండేదనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు. కంపెనీ సోల్జరు తనను ఒప్పందం మీద వచ్చిన మనిషిగా చూసుకునేవాడు.

ఉన్నవాళ్ళతో, కొత్తగా చేరినవాళ్ళతో కలిపి కంపెనీ యూరోపియన్ పటాలాల్ని తొమ్మిదిగా సర్ది, బ్రిటిష్ సైన్యం వరుసలో చివరన 101 నుంచి 109 దాకా అంకెలు ఇచ్చారు. 101, 104, 107 బెంగాల్‌వి. 102, 105, 108 మద్రాసువి. 103, 106, 109 బొంబాయివి. పుట్టుక 1756 అయినా చివరి అంకెలు ఎందుకిచ్చారంటే, వరుస లెక్క రాజుగారి కొలువులోకి ఎప్పుడొచ్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. కంపెనీ కొలువులో గడిపిన వందేళ్ళు ఆ లెక్కలోకి రాలేదు.

అంకెలతోనే పెద్ద ప్రమాదం. బ్రిటిష్ సైన్యం ఒక రెజిమెంటును రద్దు చేశాక దాని అంకెను ఇంకోదానికి ఇచ్చేది. 1780–85 మధ్య కూడా ఒక '101వ రెజిమెంటు' ఉండేది, అది మన దేశంలోనే పనిచేసింది కూడా. దానికీ మన చందుర్తి పటాలానికీ ఏ సంబంధమూ లేదు. నేను తొలి రోజుల్లో ఇక్కడే పడ్డాను. విదేశంలో ఉన్న ఒక కుటుంబం వాళ్ళ ముత్తాత తండ్రి 1813లో 102వ రెజిమెంటులో ఉన్నాడని కాగితం పంపింది. 102 అంటే మద్రాసు ఫ్యూజిలియర్సని, మద్రాసు రికార్డుల్లో చూడమని రాసేశాను. వాళ్ళు నెలల తరబడి వెతికారు, ఏమీ దొరకలేదు. మళ్ళీ కాగితం తీసి చదివితే మూలన 'బెర్ముడా' అని ఉంది. మద్రాసు యూరోపియన్ పటాలం బెర్ముడాలో ఏం చేస్తుంది? అప్పుడు వెతికితే తేలింది. ఆస్ట్రేలియాలో ఉండిన న్యూ సౌత్ వేల్స్ కోర్‌ను 1809లో 102వ రెజిమెంటుగా మార్చారు. అది తర్వాత అట్లాంటిక్ వైపు వెళ్ళి 1813లో అమెరికా తీరం మీద పోరాడింది. తర్వాతి కాలంలో సింధ్‌ను జయించిన చార్లెస్ నేపియర్ అప్పుడు దాని అధికారి. 1818లో దాన్ని రద్దు చేశారు. మద్రాసు ఫ్యూజిలియర్సుకు 102 వచ్చింది 1862లో. ఆ కుటుంబానికి క్షమాపణ చెప్పి సరైన దారి చూపించాను. అప్పట్నుంచీ తేదీ తెలియకుండా అంకె మీద ఒక్క మాట కూడా చెప్పను.

ఇంకో చిక్కు సమాధి రాళ్ళ మీద ఉంటుంది. రాయి మీద పూర్తి పేరు చెక్కడానికి చోటుండదు కాబట్టి పొడి అక్షరాలు వేసేవారు. ఒక తీరపు ఊరి శ్మశానంలో తుప్పల మధ్య ఒక రాయి దొరికింది. పొద్దున్నే, ఎండ ఏటవాలుగా పడే వేళ, తడిగుడ్డతో తుడిచి చూస్తే తప్ప అక్షరాలు కనపడలేదు. 'సార్జెంట్' అని ఒక మాట, కింద 'ఎం.ఇ.ఆర్.' అని మూడక్షరాలు. అంతకుముందు చూసినవాళ్ళెవరో మధ్య అక్షరాన్ని తప్పు చదివి ఇంగ్లండులోని ఒక రెజిమెంటు పేరు రాసి పెట్టుకున్నారు. నిజానికి అది మద్రాస్ యూరోపియన్ రెజిమెంటు. 1858కి ముందు రాళ్ళ మీద 'హెచ్.ఎం.' అని ఉంటే రాజుగారి పటాలం, 'హెచ్.ఇ.ఐ.సి.' అని ఉంటే కంపెనీ కొలువు. ఈ ఒక్క గుర్తు పట్టుకుంటే సగం తప్పులు పోతాయి. ఆ రాయిని తర్వాత ఎవరో శుభ్రం చేస్తున్నామనుకుని దళసరిగా సున్నం కొట్టేశారు. అప్పటికి నా దగ్గర రాత ఉంది కాబట్టి సరిపోయింది. మీ ఊళ్ళ దగ్గర ఇలాంటి రాళ్ళుంటే ముందు ఫొటో తీసి పెట్టండి.

ఇక 1881 సంగతి. అంతకు పదేళ్ళ ముందు నుంచే యుద్ధ మంత్రి కార్డ్‌వెల్ రెజిమెంట్లను జతలుగా కట్టే పని మొదలుపెట్టాడు. ఒకటి విదేశంలో ఉంటే, ఒకటి స్వదేశంలో ఉండి దానికి మనుషుల్ని తయారుచేసి పంపాలి. రెంటికీ ఒకే ప్రాంతం, ఒకే డిపో, అంటే శిక్షణ స్థావరం. చిల్డర్స్ వచ్చి 1881లో ఆ జతల్ని ఒక్క రెజిమెంటుగా కలిపేసి, అంకెలు తీసేసి, ప్రాంతాల పేర్లు పెట్టాడు. 101, 104 కలిసి మన్‌స్టర్ అయ్యాయి. 101 మొదటి బెటాలియన్, 104 రెండో బెటాలియన్. డిపో కెర్రీ కౌంటీలోని ట్రలీ ఊళ్ళో బాలిములెన్ బ్యారక్స్. సౌత్ కార్క్, కెర్రీ, లిమెరిక్ మిలీషియాలు, అంటే స్థానిక అనుబంధ దళాలు, కూడా ఇందులో కలిశాయి. మద్రాసు ఫ్యూజిలియర్స్, బొంబాయి ఫ్యూజిలియర్స్ కలిసి రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్ అయ్యాయి.

బెంగాల్ పటాలానికి ఐర్లండు ప్రాంతమెందుకని మీకు అనిపించవచ్చు. కంపెనీ సోల్జర్లలో ఐర్లండు వాళ్ళు మొదట్నుంచీ చాలామంది. అక్కడి పేదరికం వాళ్ళను ఓడలెక్కించింది. పైగా కంపెనీ రెజిమెంట్లకు బ్రిటన్‌లో సొంత ఊరంటూ లేదు. సొంత ఊరు లేనివాళ్ళను ఎక్కడ మనుషులు దొరికితే అక్కడ ముడిపెట్టారు. అయినా వాళ్ళు తమ పుట్టుకను దాచుకోలేదు. మన్‌స్టర్ వాళ్ళ టోపీ బిళ్ళ ఒకటి నేను చేతిలో పట్టుకుని చూశాను. మంట ఎగసిపడే ఇత్తడి గ్రెనేడు, ఆ గుండు మీద తెల్ల లోహంతో చేసిన చిన్న బెంగాల్ పులి, కింద పట్టీ మీద 'రాయల్ మన్‌స్టర్' అని అక్షరాలు. పులి వీపు బొటనవేలి కింద అరిగి నున్నగా ఉంది. రోజూ తోమి మెరిపించిన చేతులవి. ఐర్లండులో పులులు లేవు. ఆ పులి మన దేశం నుంచి వెళ్ళింది.

ఇక్కడే మీ ప్రశ్నకు అసలు ముడి ఉంది. యుద్ధ గౌరవం, అంటే పోరాడిన యుద్ధం పేరును జెండా మీద వేసుకునే హక్కు, మనిషికి కాదు, బెటాలియన్‌కు కూడా కాదు, రెజిమెంటుకు చెందుతుంది. రెండో బెటాలియన్, అంటే పాత 104, పుట్టిందే 1839లో. చందుర్తికి దానికీ మధ్య ఎనభై ఏళ్ళు. అయినా 1881లో కలిసిన రోజు నుంచి కాండోర్, మసూలిపటం దానివి కూడా. అలాగే అది తెచ్చిన గౌరవాలు మొదటి బెటాలియన్‌వి కూడా. మన ఇళ్ళల్లో దత్తత వచ్చిన బిడ్డ ఆ ఇంటి గోత్రం చెప్పుకున్నట్టే. అక్కడ ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, పద్ధతే అది. పట్టీలో స్పెల్లింగులు చూసి కంగారు పడకండి. అవి పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు చెవికి వినపడిన పేర్లు. బెంగాల్లో 1759 నవంబరులో డచ్చివాళ్ళతో జరిగిన బిదెర్రా యుద్ధం అదే పట్టీలో 'బడారా' అయి కూర్చుంది.

పోల్చుకోవడానికి ఇంకో వంశం చెబుతాను, ఎందుకంటే చందుర్తి సేనాని ఫోర్డ్ దాని నుంచి వచ్చినవాడే. అతను కంపెనీలో చేరకముందు రాజుగారి 39వ రెజిమెంటు అధికారి. 1754లో మన దేశానికి వచ్చిన మొదటి రాజుగారి రెజిమెంటు అదే. 'ఇండియాలో మొదటివాళ్ళం' అని లాటిన్‌లో చెప్పుకునేది. దానికి 1782లో ఈస్ట్ మిడిల్‌సెక్స్ అని కౌంటీ పేరు తగిలించారు. 1807లో అది తీసేసి డోర్సెట్‌షైర్ అన్నారు. 1881లో 54వ రెజిమెంటుతో కలిపి డోర్సెట్‌షైర్ రెజిమెంటు చేశారు. 1958లో డెవన్‌షైర్‌తో కలిపారు. 2007లో అది 'ది రైఫిల్స్' అనే పెద్ద రెజిమెంటులో కలిసింది. అంటే ఆ గీత ఇప్పటికీ తెగలేదు. ప్లాసీ గౌరవం ఇద్దరికీ ఉంది. ఒకరి వంశం సాగుతోంది, ఇంకొకరిది ఆగిపోయింది. ఈ తేడాకు యుద్ధంలో గెలుపోటములతో సంబంధం లేదు, దేశాల సరిహద్దులతో ఉంది.

ఎలా ఆగిపోయిందో చెబుతాను. 1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు మన్‌స్టర్ మొదటి బెటాలియన్ రంగూన్‌లో ఉంది. డబ్లిన్ మొదటి బెటాలియన్ మద్రాసులో ఉంది, తాను పుట్టిన ఊళ్ళోనే అన్నమాట. మన్‌స్టర్ రెండో బెటాలియన్ ఫ్రాన్సులో, వెనక్కి తగ్గుతున్న బ్రిటిష్ సైన్యానికి వెనక కాపలాగా నిలబడింది. ఆగస్టు 27న ఎత్రూ అనే ఊరి దగ్గర దాన్ని జర్మన్లు నాలుగు పక్కలా చుట్టేశారు. వాళ్ళ కమాండర్ మేజర్ షారియర్ చనిపోయాడు. ఒక పళ్ళతోటలో తూటాలు అయిపోయేదాకా పోరాడి, మిగిలినవాళ్ళు సాయంత్రానికి పట్టుబడ్డారు. వాళ్ళు ఆపిన గంటల్లో వెనక సైన్యం దాటిపోయింది.

1915 ఏప్రిల్ 25న గల్లిపోలీలో వి బీచ్ మీద దిగడానికి రివర్ క్లైడ్ అనే బొగ్గు ఓడలో మన్‌స్టర్ మొదటి బెటాలియన్ కూర్చుంది. పక్కనే పడవల్లో డబ్లిన్ మొదటి బెటాలియన్. పాత బెంగాల్ యూరోపియన్, పాత మద్రాసు యూరోపియన్ పక్కపక్కన. ఒడ్డున కాచుకున్న తుర్కుల తుపాకుల కింద ఇద్దరూ ఎంతగా చితికిపోయారంటే, మిగిలినవాళ్ళను కలిపి కొన్నాళ్ళు ఒకే బెటాలియన్‌గా నడిపారు. సోల్జర్లు దానికి 'డబ్‌స్టర్స్' అని పేరు పెట్టుకున్నారు. క్లైవ్ బెంగాల్లో ఆ మొదటి బెటాలియన్‌ను కట్టినప్పుడు మద్రాసు మనుషుల్ని కలిపాడని పైన చెప్పాను. నూట యాభై తొమ్మిదేళ్ళకు ఒక సముద్రపు ఒడ్డున మళ్ళీ కలిశారు. ఇది ఎవరూ అనుకుని చేసింది కాదు. నేను ఈ రెండు పటాలాల రికార్డులూ పక్కపక్కన పెట్టుకుని చదివేటప్పుడు ఇక్కడికొచ్చి ఆగిపోతాను, వెంటనే పేజీ తిప్పలేను.

1921 డిసెంబరు ఒప్పందంతో బ్రిటన్ నుంచి వేరుపడే ఐరిష్ ఫ్రీ స్టేట్ ఏర్పాటు ఖాయమైంది. ఆ భూభాగం నుంచి మనుషుల్ని చేర్చుకునే రెజిమెంట్లకు ఇక చోటు లేదు. 1922 జూన్ 12న విండ్సర్ కోటలో ఐదు ఐరిష్ రెజిమెంట్లు తమ జెండాలను ఐదో జార్జి రాజు చేతికి అప్పగించాయి. రాయల్ ఐరిష్, కనాట్ రేంజర్స్, లీన్‌స్టర్, మన్‌స్టర్, డబ్లిన్. వీటిలో లీన్‌స్టర్‌లో పాత 109, అంటే బొంబాయి యూరోపియన్ ఉంది. అంటే కంపెనీ తొమ్మిది పటాలాల్లో ఐదింటి కథ ఒకే రోజు ఒకే గదిలో ముగిసింది. మిగిలిన నాలుగు వేరే రెజిమెంట్లలో రెండో బెటాలియన్లుగా కలిసి ఉన్నాయి కాబట్టి వాటి గీతలు ఇంకా సాగాయి. మద్రాసు 105 యార్క్‌షైర్ లైట్ ఇన్‌ఫెంట్రీలోకి, బొంబాయి 106 డరహమ్‌లోకి, బెంగాల్ 107 ససెక్స్‌లోకి, మద్రాసు 108 ఇన్నిస్‌కిలింగ్‌లోకి వెళ్ళాయి.

చివరగా, మీరు అడగకపోయినా నేను చెప్పకుండా ఉండలేనిది. చందుర్తిలో 500 మంది యూరోపియన్ల పక్కన 2000 మంది సిపాయిలు ఉన్నారు. ఫ్రెంచి దెబ్బ మొదట కాచుకున్నది వాళ్ళే, ఎర్రకోటు వేసుకున్నందుకు. ఆనందరాజు మనుషులు వీళ్ళకు అదనం. బెంగాల్ సిపాయి పటాలాలు దాదాపు అన్నీ 1857లో తిరుగుబాటు చేసో, తుపాకులు లాగేసుకోబడో పేరు లేకుండా పోయాయి. రెజిమెంటు బతికుంటేనే దాని గౌరవపట్టీ బతుకుతుంది. అందుకే ఆ రోజును జెండా మీద మోసింది యూరోపియన్ల పటాలమే. మీరు ఆ పట్టీలో కాండోర్ అనే మాట చదివినప్పుడు అది ఆ పొలంలో ఉన్నవాళ్ళలో కొద్దిమంది గుర్తు మాత్రమే. మిగతావాళ్ళ పేర్లు నాకు ఏ రాయి మీదా దొరకలేదు, ఇంకా చూస్తూనే ఉన్నాను.

మీరు అక్కడే ఉన్నారు కాబట్టి వీలైతే ట్రలీ వెళ్ళండి, బాలిములెన్ బ్యారక్స్ భవనాలు ఇప్పటికీ ఉన్నాయి, బయట నుంచైనా చూడొచ్చు. ఫ్రాన్సు వెళ్ళే పని పడితే ఎత్రూలో ఆ పళ్ళతోట ఇప్పుడు సైనిక శ్మశానం, మన్‌స్టర్ వాళ్ళు అక్కడే ఉన్నారు. మళ్ళీ ఇంటికొచ్చినప్పుడు చందుర్తిలో పెద్దవాళ్ళను అడిగి, పొలాల్లో యుద్ధం జరిగిందని చెప్పుకునే చోటేదైనా ఉంటే దాని పేరు రాసి పంపండి. ఆ ఊరివాళ్ళు పలికినట్టే రాయండి.